మోటారు షెడ్డు సాక్ష్యం

దేవుడు చేసిన మేలుకి సాక్ష్యం వచ్చే ఆదివారం గుడిలో మళ్ళీ చెప్పమన్నారు. కొత్త పాస్టరుగారు ఇంటికి వచ్చి మరీ అడిగారు. "మాస్టారూ, మీ మోటారు షెడ్డు సాక్ష్యం మా కుర్రకారు వినలేదండీ" అన్నారు. సరేనన్నాను.  ఆ సాక్ష్యం ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తు లేదు. చెప్పిన ప్రతిసారీ గుండె మీద ఇంకో రాయి పెట్టుకున్నట్టే ఉండేది. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను ఎరిగినవాళ్ళ ముందు నిలబడితే నా నోరు ఆ పాత మాటలే పలుకుతుంది. విసుగొస్తోంది. వాళ్ళ మీద కాదు, నా నోటి మీద.

ఇది ఎనభైల నాటి సంగతి. పర్చూరు దగ్గర మా మిషను ఆవరణలో, చర్చి వెనక రేకుల షెడ్డులో, ఒక శిక్షణ కేంద్రం ఉండేది. కాలేజీ గడప తొక్కలేని వాళ్ళ కోసం పెట్టింది. పత్తి తీతకీ మిరపకోతకీ కూలికి వెళ్ళే ఇళ్ళ నుంచి యువకులు వచ్చేవారు. పొద్దున నేను వైరింగూ మోటారు రిపేరూ నేర్పేవాణ్ణి. మధ్యాహ్నం శాంతమ్మగారు ప్రమాదం జరిగినప్పుడు చేయాల్సిన చికిత్స నేర్పేవారు. ఆవిడ గుంటూరులో నర్సుగా చేసి వచ్చారు. కారే రక్తం ఆపడం, విరిగిన చోట బద్దలు కట్టడం, ఆగిపోయిన ఊపిరిని నోటితో ఊది మళ్ళీ తెప్పించడం. నా క్లాసులో చేరినవాళ్ళు ఆవిడ క్లాసులో కూడా కూర్చోవాలని నియమం.

నాకు ఆ క్లాసంటే గిట్టేది కాదు. సమయం చాలడం లేదని పైకి అనేవాణ్ణి. అసలు సంగతి అది కాదు. పరాయి మనిషి నోట్లో నోరు పెట్టడం నాకు రోతగా తోచేది. ఒక ఆడమనిషి దాన్ని మగవాళ్ళకి నేర్పడం మరీ రోత. ఇంకొకటి కూడా ఉంది. పోయే ప్రాణాన్ని నిలపమని అడగాల్సింది పైవాణ్ణి కదా, మధ్యలో ఈవిడెవరు అనుకునేవాణ్ణి. అది భక్తి అనుకున్నాను. భక్తేనా? వాక్యం చదివినవాడికి, పదిమంది ముందు ప్రార్థన చేయగలిగినవాడికి, భక్తికీ రోతకీ తేడా తెలియదా?

ఆడమనిషి మగవాళ్ళ మీద చేసి చూపించే వీలు లేదు కనుక, ఆవిడ గోనెసంచిలో పత్తి కూరి ఒక బొమ్మని తయారు చేశారు. నోటి చోట సైకిలు ట్యూబు ముక్క కుట్టారు. "ఏరా, బస్తాకి ముద్దెడుతున్నావా?" అని మావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకునేవారు. "నవ్వండి నాయనా, నవ్వండి. బస్తాకి లేని సిగ్గు మీకెందుకో!" అనేవారు ఆవిడ. నేను గుమ్మంలో నిలబడి వినేవాణ్ణి. వాళ్ళని ఒక్కసారి కూడా మందలించలేదు.

ఒక ఏడాది వేసవి ముందు, మిరపకాయలు కళ్ళాల్లో ఆరుతున్న రోజుల్లో, ఒక శనివారం మావాళ్ళని కోటయ్యగారనే రైతు పొలానికి తీసుకెళ్ళాను. ఆయన మోటారు మొరాయిస్తుంటే బాగుచేస్తూ నేర్పుదామని. షాకు కొడితే ఏం చేయాలో అక్కడి మోటారు షెడ్డు దగ్గరే చూపిస్తానని శాంతమ్మగారు కూడా వచ్చారు. మేమింకా సామాను దించుతున్నాం. కోటయ్యగారు మోటారు ఎలా మూలుగుతోందో చూపిద్దామని కాలవలోంచి అలాగే వచ్చి, తడిచేత్తో స్టార్టరు పట్టుకున్నారు. కేక కూడా రాలేదు. అతుక్కుపోయారు. నేను ఫ్యూజు లాగేశాను. ఆయన కింద పడ్డారు. ఛాతీ కదలడం లేదు.

అక్కడివరకూ నేను చేయాల్సింది చేశాను. తర్వాత ఏం చేయాలో నాకు తెలుసు. గుమ్మంలో నిలబడి ఎన్నిసార్లు చూశాను! కానీ నా మోకాళ్ళు వంగాయి, చేతులు పైకి లేచాయి. "అందరూ మోకరించండి, కళ్ళు మూసుకోండి" అని అరిచాను. అందరూ మూసుకున్నారు. నేను గొంతెత్తి ప్రార్థించాను. ఆ ప్రార్థనలో అబద్ధం లేదు, అది మాత్రం నమ్మండి. నా జీవితంలో అంత ఏడ్చి ఎప్పుడూ అడగలేదు. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచాను. శాంతమ్మగారు బురదలో కూర్చుని, కోటయ్యగారి గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదుతున్నారు. మళ్ళీ ఊదుతున్నారు. నేను కళ్ళు మూసుకుని గొంతు ఇంకా పెంచాను. ఎందుకు పెంచాను? దేవుడికి వినపడాలనా, ఆ ఊదే చప్పుడు నాకు వినపడకూడదనా? కోటయ్యగారు దగ్గారు. అందరూ కళ్ళు తెరిచేసరికి ఆవిడ ఆయన్ని పక్కకి తిప్పి, కొంగుతో మూతి తుడుస్తున్నారు. మావాళ్ళు నా కాళ్ళ మీద పడ్డారు.

కోటయ్యగారిని జీపులో చీరాల ఆసుపత్రికి పంపించాం. తిరిగి నడిచి వస్తుంటే శాంతమ్మగారు వెనకబడి నాతో కలిశారు.

"రేపు గుడిలో సాక్ష్యం చెప్తారుగా, మాస్టారూ?"

"చెప్పాలి కదమ్మా."

"చెప్పండి. రేపే సంఘ పెద్దలు నా క్లాసు సంగతి తేల్చేది. ఆ గది ప్రార్థన గదిగా చేద్దామంటున్నారంట. ఈ సంగతి వింటే తీసెయ్యరు."

"సాక్ష్యంలో మనిషి పేరు ఎత్తకూడదమ్మా. మహిమ దేవుడికే చెందాలి. మీకు తెలియంది కాదు."

ఆవిడ నవ్వారు. "నా పేరెవరికి కావాలండీ? ఊపిరి ఊదితే లేచాడని చెప్పండి, చాలు. అంతకీ మట్టితో మనిషిని చేసి, ముక్కులో మొదట ఊపిరి ఊదింది ఎవరు? ఆయనే కదా! నేను కొత్తగా కనిపెట్టానా ఏంటి?"

"చెప్తాను" అన్నాను.

మాటిచ్చాను. ఆ రాత్రి అలాగే చెప్పాలనుకుని పడుకున్నాను కూడా. పొద్దున్నే గుడిలో బల్ల దగ్గర నిలబడి మొదలుపెట్టాను. స్టార్టరు గురించి చెప్పాను. కదలని ఛాతీ గురించి చెప్పాను. "నేను మోకరించి ప్రార్థించాను" అన్నాను. అప్పుడు అటువైపు నుంచీ ఇటువైపు నుంచీ "స్తోత్రం" అని లేచిన కేక ఉంది చూశారూ, అది నా ఒంట్లోకి ఎక్కింది. తర్వాతి వాక్యం నా నాలుక మీదే ఉంది. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో ఆవిడ చాప మీద కూర్చుని, ఆ వాక్యం కోసం ముందుకు వంగి చూస్తున్నారు. "అతను లేచాడు" అన్నాను.

ప్రార్థించాను. నిజం. లేచాడు. అదీ నిజం. రెండు నిజాల మధ్య నుంచి ఒకటి తీసేస్తే మిగిలింది అబద్ధమేనని నాకెవరూ నేర్పనక్కర్లేదు. బైబిల్లో పొలం అమ్మి, సొమ్ములో కొంత వెనక దాచుకుని అంతా తెచ్చానని చెప్పినవాడి మీద నేనే ఎన్ని ప్రసంగాలు చేశాను! వాడు అక్కడికక్కడే కూలిపోయాడు. నేను కూలలేదు. నన్ను సంఘ పెద్దని చేశారు.

ఆ సాయంత్రమే క్లాసు తీసేశారు. ఇంత ప్రార్థనాశక్తి ఉన్న సంఘానికి ఆ గది ప్రార్థనకే తగునన్నారు. నేను తలూపాను. శాంతమ్మగారు గోనె బొమ్మని తెచ్చి నా మోటార్ల పక్కన గోడకి కూర్చోబెట్టి, గుంటూరు బస్సెక్కి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

మరుసటి ఏడాది పత్తి తీత రోజుల్లో, దావీదు అనే కూలీ తెగిపడిన కరెంటు తీగ తొక్కాడు. పక్కన ఉన్నది నా విద్యార్థులే. క్లాసు తీసేశాక చేరినవాళ్ళు. కరెంటు ఎలా ఆపాలో నేను నేర్పాను, చక్కగా ఆపారు. ఆ తర్వాత ఏం చేయాలో వాళ్ళకి నేర్పినవాళ్ళు లేరు. నా సాక్ష్యం ఒక్కటే వాళ్ళకి తెలుసు. మోకరించి ప్రార్థించారు. లేవకపోతే ట్రాక్టరు మీద వేసుకుని, ఆసుపత్రి దారి వదిలేసి, నా దగ్గరికి తెచ్చారు. "మాస్టారూ, మీరు ప్రార్థన చేయండి, లేస్తాడు" అని అతని భార్య నా చెయ్యి పట్టుకుంది. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. నేను మోకరించాను. అప్పుడైనా నోట్లో నోరు పెట్టానా? లేదు. పొలంలోనే ఊపిరి ఊది ఉంటే దావీదు బతికేవాడా? తెలియదు. ఇన్నేళ్ళుగా దేవుణ్ణి అడుగుతున్నాను. ఆయన చెప్పడు. విశ్వాసం చాలలేదని సంఘంలో అనుకున్నారు. దావీదు భార్య విశ్వాసం చాలలేదని! అదీ విని ఊరుకున్నాను.

శాంతమ్మగారు పోయారని మొన్నామధ్య తెలిసింది. దావీదు భార్య ఇప్పటికీ మా గుడిలో వెనక వరసలో కూర్చుంటుంది. నేను ఎదురుపడితే దణ్ణం పెడుతుంది. దాన్ని మించిన శిక్ష లేదు. క్షమించమని ఎవరిని అడగను? అడిగినా, క్షమించే హక్కు ఉన్నవాళ్ళు ఎవరు మిగిలారు?

ఆదివారం బల్ల దగ్గర నిలబడ్డాక నా నోరు ఏం చేస్తుందో నేను మాట ఇవ్వలేను. ఒకసారి ఇచ్చి చూశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా.

నేను మోకరించి ప్రార్థించాను. శాంతమ్మగారు ఊపిరి ఊదారు. అతను లేచాడు.