కాటాలో తగ్గిన కట్టె

నా చిన్నప్పుడు ఎలమంచిలి వైపు మా ఇంటిపేరు చెబితే మనుషులు లేచి నిలబడేవారు. ముత్తాతగారు సంస్థానంలో దివాను. తాతగారు మునసబు. మాకొక కొండ ఉండేది, కొండ నిండా అడవి. ఎండిన చెట్లు కొట్టి బొగ్గు కాల్చడానికి ఒక ముసలాయన ఉండేవాడు.

పదేళ్లకే నాకు పెత్తనం మీద మోజు పుట్టింది. బట్టీలో పేర్చే ముందు కట్టెలను కాటా వేయించాను. మట్టి కప్పి, నాలుగు రోజులు మగ్గబెట్టి తీసిన బొగ్గునూ వేయించాను. నాలుగో వంతు కూడా తూగలేదు.

“మిగతాది ఎక్కడ అమ్ముకున్నావురా?” అన్నాను. ఆయన మా తాతగారి ఈడువాడు.

“కట్టెలు నానేటి తింతానా సినబాబూ?” అని నవ్వాడు. నేను నవ్వలేదు. నాన్నగారికి చెప్పేశాను. సాయంత్రానికల్లా పని మానుకొమ్మని ఆయనకు కబురు వెళ్లింది.

మర్నాడు పొద్దున్నే తట్టాబుట్టా సర్దుకుంటూ నన్ను పిలిచాడు. ఒక ఎండుకొమ్మను నా చేతే తూయించి, నా ఎదుటే కాల్చాడు. గుప్పెడు బూడిద మిగిలింది.

“ఇప్పుడెవుడు ఎత్తుకెల్లినాడు? నువ్వా, నానా? సెట్టు మట్టి తిని పెరుగుతాదనుకున్నావేటి? ఆకులతో గాలి మేసి, దాన్నే మానుగా దాసుకుంతాది. మనం కాల్సిన్నాడు మల్లా గాలికే ఇడిసేత్తాది.”

అర్థమైంది. వెంటనే నాన్నగారి దగ్గరకు వెళ్లి తప్పు నాదని చెప్పాల్సింది. మునసబుగారి మనవడు తప్పు ఒప్పుకోవడమేమిటని గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆయన మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోవడం అరుగు మీద నుంచి చూశాను.

ఇప్పుడు ఉక్కునగరం పక్కన రెండు గదుల వాటాలో ఉంటున్నాను. మనవరాలిది అడవుల్లో మానులకు టేపు చుట్టి కొలతలు రాసే ఉద్యోగం. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ చెట్లు కాస్త ఎక్కువే మేస్తాయట. నీరూ నేల సారమూ చాలకపోతే ఆ జోరు ఆగిపోతుందట. ఎక్కువగా దాచి ఉంచేవి ముసలి మానులూ, వాటి కింది మట్టీనట.

“అంటే గాలే మానవుతుంది” అన్నాను.

“నీకెవరు చెప్పారు తాతయ్యా?” అంది ఆశ్చర్యంగా.

ఎక్కడో చదివానన్నాను. ఈ వయసులోనూ ఆ గుమ్మం దాటలేకపోయాను. చెప్పాలన్నా, ఆ ముసలాయన పేరు నేనెన్నడూ అడగలేదు.

ఆ కొండను కలప వ్యాపారికి అమ్మేశాం, మానులతో సహా. కాగితం మీద సంతకం నాదే.