జేబులో నిమ్మకాయ, నోట్లో ప్రార్థన

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో, ఉతకని సాక్సుల మీదా అంతే నమ్మకం. ఉద్యోగం లేనివాడికి నమ్మకాలు ఎక్కువని ఇప్పుడు అనిపిస్తుంది కానీ, అప్పట్లో దాన్ని పట్టుదల అనుకునేవాణ్ణి. హానోవర్‌లో చదువు ముగించి దరఖాస్తులు పెడుతున్న కాలం. వచ్చిన ప్రతి మెయిల్లోనూ ముందు ‘లైడర్’ అన్న మాట కోసం వెతికేవాణ్ణి. (మర్యాదగా విచారం వెలిబుచ్చడానికి జర్మన్లు వాడే మాట. అది కనబడిందంటే మిగతాది చదవక్కర్లేదు.) మాది బాపట్ల పక్క ఊరు. క్రికెట్ లేనిదే నాకు పొద్దుపోదు. ఎక్కడైనా ఆడతారేమోనని వెతుక్కుంటూ ట్రామ్ చివరి స్టాపు దాకా వెళ్లి, ఒక బేస్‌బాల్ క్లబ్బులో తేలాను. బ్యాటుంది, బంతుంది, పేరేదైతేనేం అనుకున్నాను.

ఆట తెలియనివారి కోసం ఒక్క ముక్క. బంతిని కొట్టి, అవతలివాళ్లు దాన్ని అందుకుని విసిరేలోపు, నేల మీద దిండులా ఉండే మొదటి బేస్‌కి చేరితే అది హిట్టు. మన క్రికెట్‌లో కొట్టాక పరిగెత్తడమా మానడమా అన్నది మన ఇష్టం. ఇక్కడ బంతి ముందుకు దొర్లిందంటే చచ్చినట్టు పరిగెత్తాల్సిందే. ఇది నా బుర్రకెక్కడానికి ఒక సీజనంతా పట్టింది. రెండో సీజన్లో ఏం జరిగిందో ఏమో, ఆడిన ప్రతి మ్యాచ్‌లోనూ కనీసం ఒక హిట్టు పడుతూ వచ్చింది. క్లబ్బు గదిలో ఒక చెక్క పలక ఉండేది. వరసగా ఎక్కువ మ్యాచుల్లో హిట్టు కొట్టినవాడి పేరు దాని మీద చెక్కి ఉంటుంది. ఆ పేరు మా కోచ్‌ది. నెరిసిన బుర్ర మీసాల పెద్దాయన. నేను మా ఊరి బడికెళ్లే రోజుల నుంచీ ఆ పలక మీద ఆయన పేరు ఒక్కటే ఉంది. ఒకరోజు చూసుకుంటే ఆయన రికార్డుతో సమానంగా నిలబడి ఉన్నాను. ఇంకొక్క మ్యాచ్‌లో ఒక్క హిట్టు పడితే ఆ పలక మీద నా పేరు! ఈ దేశంలో నా పేరు అప్పటిదాకా పోస్టు డబ్బా మీద తప్ప ఎక్కడా లేదు. ఎంత కావాలనిపించిందో చెప్పలేను. ఉద్యోగం కోసం కూడా అంత తపించలేదు.

ఇక చూస్కోండి నా దీక్ష. రోజూ పార్కులో మా కరీంనగర్ రూమ్మేటు బంగాళాదుంపలు విసిరేవాడు, నేను కొట్టేవాణ్ణి. రాత్రికి వాటినే ఏరుకొచ్చి వేపుడు చేసుకునేవాళ్లం. హిట్లు మొదలైన రోజు వేసుకున్న సాక్సులను మళ్లీ ఉతకలేదు. ఆదివారం తెలుగు ప్రార్థన కూటంలో అందరూ లేచి ప్రార్థనాంశాలు చెబుతున్నారు. ఒకరికి ఉద్యోగస్తులకిచ్చే బ్లూ కార్డు కావాలి, ఒకరికి ఇల్లు కావాలి, ఒకరికి వీసా ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంటు, దొరకాలి. నేను లేచి “ఒక్క హిట్టు” అన్నాను. కూటం నడిపే గుంటూరు అన్నయ్య కాలేజీ రోజుల్లో పెద్ద క్రికెటర్. కళ్లలో నీళ్లు తిరిగాయాయనకు. “తమ్ముడూ, వచ్చే ఆదివారం కూటం గ్రౌండులోనే పెడదాం” అన్నాడు. వదిన అక్కడికక్కడే ఉపవాసం ప్రకటించింది. ఊళ్లో అమ్మకు ఫోన్ చేస్తే, “బేస్‌బాలంటే ఏంట్రా? సర్లే, ప్రార్థన చేస్తా. ఉజ్జోగం సంగతి కూడా అడగనా, ఇదొక్కటే అడగమంటావా?” అంది. కాసేపు ఆలోచించి, “ఇదొక్కటే అడుగమ్మా, గందరగోళం వద్దు” అన్నాను.

అదే వారం క్లబ్బులో నన్ను వెలివేశారు. నేను బెంచీ మీద కూర్చుంటే పక్కవాళ్లు లేచిపోతున్నారు. కోచ్ నాకేసి చూడడం మానేశాడు. సాక్సుల మహిమ అనుకున్నాను. చివరికి బంతి విసిరే పొడుగువాడు నన్ను పక్కకు లాగి గొణిగాడు. “ఇలాంటప్పుడు ఎవరూ దాని గురించి మాట్లాడకూడదు. మాట్లాడితే పోతుంది. మూఢనమ్మకం కాదు, పద్ధతి.” మావాళ్లది పదిమందికి చెబితేనే జరుగుతుందనే విశ్వాసం. వీళ్లది ఒక్కరికి చెప్పినా జరగదనే విశ్వాసం. నేను అప్పటికే ఖండాంతరాల దాకా చాటేశాను.

మ్యాచ్ రోజు పొద్దున రూమ్మేటు నా చుట్టూ నిమ్మకాయ తిప్పి చేతిలో పెట్టాడు. “అన్నా, జేబుల పెట్టుకో. మీ యేసయ్య ఏమనుకోడు. ఇది దిష్టికే, దేవునికి గాదు.” (అంత పెద్ద వేదాంతం నేను తర్వాత ఏ వాక్యోపదేశంలోనూ వినలేదు.) పెట్టుకున్నాను.

వర్షం వెలిసి గడ్డి తడిగా ఉంది. గీత అవతల దుప్పట్లు పరుచుకుని మా కూటమంతా దిగింది. డోలక్కు ఒకటి, మూడు బిర్యానీ గిన్నెలు. “రికార్డు నీదే తమ్ముడూ! విశ్వాసం ఉంచు!” అని అన్నయ్య కేక పెట్టిన ప్రతిసారీ, అర్థం తెలియకపోయినా ‘రికార్డు’ అన్న మాట విని మా జట్టంతా ఉలిక్కిపడుతోంది. ఈ ఆటలో అవుటైనా మళ్లీ మళ్లీ వంతు వస్తుంది. మొదటిసారి బంతి బ్యాటుకే తగల్లేదు. తర్వాత రెండుసార్లు గాల్లోకి లేపితే పట్టేశారు. ఆఖరి అవకాశం మిగిలింది. వదిన కళ్లు మూసుకుంది. నేను జేబు తడుముకున్నాను, ప్రభువును తలుచుకున్నాను, బ్యాటు ఊపాను.

తగిలింది! గట్టిగా కాదు. బంతి మెల్లగా దొర్లుకుంటూ పోయి తడి గడ్డిలో ఆగింది. దాని కోసం పరిగెత్తుకొచ్చిన ఆటగాడు దాన్ని అందుకోకముందే జారి వెల్లకిలా పడ్డాడు. దేవుడు ఇంతకన్నా స్పష్టంగా మాట్లాడడు. బ్యాటు పారేసి దూకాను. సరిగ్గా అప్పుడే వెనక నుంచి, గుంటూరు కాలేజీ గ్రౌండులో ఎన్నో వికెట్లు కాపాడిన గొంతు పిడుగులా వినబడింది.

“ఆగు! ఆగు! రన్ లేదు! వెనక్కెళ్లు!”

ఆగాను. ఏ జన్మలో అబ్బిన క్రమశిక్షణో గానీ, ఆగడమే కాదు, చెయ్యెత్తి ‘నో’ అని కూడా చూపించాను. ఎవరికి చూపించానో నాకిప్పటికీ తెలియదు, అవతలి ఎండులో మనిషే ఉండడు. పడ్డవాడు తీరిగ్గా లేచి, బట్టలు దులుపుకుని, బంతి తీసి విసిరాడు. అవుట్.

ఏడుపు తన్నుకొచ్చింది. అన్నయ్య తల పట్టుకుని గడ్డిలో కూలబడ్డాడు. మీసాల కోచ్ మెల్లగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గీత తొక్కితే అరిష్టమట, ఎప్పటిలాగే దాన్ని తొక్కకుండా దాటుకుని మరీ వచ్చాడు. “నేను చర్చి మొహం చూసి ఏళ్లయింది అబ్బాయ్. ఇవాళ పొద్దున వెళ్లాను” అన్నాడు.

“నా కోసమా?” అన్నాను.

ఆయన మీసం దువ్వుకుని, “నా పేరు కోసం” అన్నాడు.

ఈ సంగతి చెబితే అన్నయ్య ముఖం ఒక్కసారిగా వికసించింది. “చూశావా తమ్ముడూ! దేవుడు వింటాడని నే చెప్పలా? ఎవరిది వింటాడన్నదే మన చేతుల్లో లేదు.” వదిన ఉపవాసం విడిచింది. రెండు జట్లూ కలిసి దుప్పట్ల మీద కూర్చుని బిర్యానీ తిన్నాయి. రూమ్మేటు నా జేబులో నిమ్మకాయ లాగి కోసి ఉల్లిపాయల మీద పిండాడు. “ఉట్టిగ పోలే గదన్నా” అన్నాడు. కోచ్ రెండోసారి కూడా వడ్డించుకున్నాడు. నాకు మాత్రం ముద్ద దిగలేదని చెప్పాలనుంది కానీ, బాగానే దిగింది.

ఉద్యోగం తర్వాత వచ్చింది, ఉంటర్‌ఫ్యోరింగ్ అనే ఊళ్లో. అమ్మను ప్రార్థన చెయ్యమనకుండానే. ఇప్పుడు మా అమ్మాయి ఇక్కడ పిల్లల జట్టులో ఆడుతోంది. నేను గీత అవతల కుర్చీలో బుద్ధిమంతుడిలా కూర్చుంటాను. మూఢనమ్మకాలు వదిలేశానని అందరితో అంటూ, వేసుకున్న కాలు మీద కాలు మ్యాచ్ అయ్యేదాకా తియ్యను. మొన్న దాని బంతి కూడా అలాగే, మెల్లగా దొర్లి గడ్డిలో ఆగింది. పిల్ల ఒక్క క్షణం తటపటాయించి నాకేసి చూసింది. నాకు తెలియకుండానే కుర్చీ తన్నేసి లేచాను.

“ఆగకమ్మా! పరిగెత్తు! పరిగెత్తు!”

గ్రౌండంతా నావైపు తిరిగింది. అది బేస్ చేరి, సిగ్గుతో ఎర్రబడి, “పాపా, నిష్ట్ సో లౌట్!” అని జర్మన్‌లో కసిరింది, నాన్నా అంత గట్టిగా అరవద్దని. సరేనని నోరు మూసుకుని కూర్చున్నాను. కానీ ఆ కేక దాని కోసం కాదు. హానోవర్ తడి గడ్డిలో చెయ్యెత్తి నిలబడిపోయిన ఒక కుర్రాడి కోసం. వాడికి కాస్త ఆలస్యంగా వినబడి ఉంటుంది.