కెంటకీ కొండల్లో యోహాను తాత పాట

జూన్ నెలలో ఒక శుక్రవారం పొద్దున్న ఐదున్నరకి ఇల్లినాయిలోని అరోరాలో బయల్దేరాం. కారు వెనక సీట్లో పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, ఆవకాయ సీసా, రెండు దుప్పట్లు. ముందు సీట్లో ఒళ్లో హ్యాండ్‌బ్యాగుతో మా అమ్మ. ఎండాకాలంలో దుప్పట్లెందుకని నేను అడగలేదు. ఈ దేశంలో ఎండాకాలమే చలి ఎక్కువని, ఏసీలు చూపించి మరీ వాదిస్తుంది.

వెళ్తున్నది తూర్పు కెంటకీ కొండల్లోని ఒక పార్క్ లాడ్జికి. ఎనిమిది గంటల డ్రైవ్. అక్కడ ఆదివారం పొద్దుటిదాకా డల్సిమర్ వర్క్‌షాప్. డల్సిమర్ అంటే ఏమిటో మొన్నటిదాకా నాకూ తెలియదు. ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయించే సన్నటి, పొడుగాటి చెక్క వాయిద్యం. మూడే తీగలు. ఒక తీగ మీద పాట పలికిస్తారు, మిగిలిన రెండూ ఒకే స్వరాన్ని పట్టుకుని మోగుతూ ఉంటాయి. ఒకసారి మా ఊరి లైబ్రరీలో ఎవరో వాయిస్తుంటే విని, అమ్మ అక్కడే నిలబడిపోయింది.

"ఇది తాత శ్రుతిపెట్టెలాగే ఉందే, ప్రశాంతీ!" అంది.

తాత అంటే అమ్మ వాళ్ల తాత, యోహాను. నరసాపురం అవతల కాలవగట్టు పల్లెల్లో చర్చి ఉపదేశిగా పనిచేశాడు. ఫోటో ఒక్కటీ లేదు. సమాధి ఏటి కోతకి పోయింది. మిగిలింది ఒక్క పాట. మాటలు బైబిల్లోని కీర్తనవే. రాగం మాత్రం తాత కట్టాడని మా ఇంట్లో అందరికీ నమ్మకం. పెళ్లిళ్లకీ సమాధి కూటాలకీ మా వాళ్లు ఆ పాట పాడకుండా ఉండరు. మా అమ్మ దీనమ్మ హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయింది. ఆరు నెలలుందామని నా దగ్గరికి వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పట్టు. అరోరాలో మా తెలుగు చర్చి కోత పండుగకి కుటుంబానికో స్పెషల్ సాంగ్ ఉంటుంది. ఈసారి తాత పాట పాడాలి, నేను పక్కన ఏదో ఒకటి వాయించాలి. కీబోర్డు రెండుసార్లు మొదలుపెట్టినా నాకు రాలేదు. మూడు తీగలైతే వస్తుందేమోనని ఆశపడ్డాను.

ఇండియానపొలిస్ దాటాక రెస్ట్ ఏరియాలో పులిహోర తిన్నాం. రెండింటికి మొదటి క్లాసు. కారు గడియారం ప్రకారం అరగంట ముందే చేరాలి. జీపీఎస్ మాత్రం రెండున్నర అంటోంది. దీనికి పిచ్చెక్కింది అనుకున్నాను. తీరా లాడ్జి లాబీలోకి వెళ్లి చూస్తే గోడ గడియారం రెండూ ముప్ఫై అయిదు.

"ఇక్కడ ఈస్టర్న్ టైమ్ కదా," అంది కౌంటర్ అమ్మాయి జాలిగా.

ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. ఇక్కడి గడియారం మా ఊరికంటే గంట ముందుంటుందని, నా గంట అలా పోయిందని అర్థమై అక్కడే నిర్ఘాంతపోయాను. అమ్మ తన వాచీ చూసుకుని, "ఫస్ట్ పీరియడ్‌కే లేటా!" అంది. ఆవిడ బాధ ఆవిడది. అటు వెళ్లేవాళ్లు గడియారం సంగతి ముందే చూసుకోండి.

పరుగున క్లాసులోకి వెళ్తే టీచర్ షెల్బీ ఏమీ అనలేదు. ఒక డల్సిమర్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. వాయిద్యం కొనక్కర్లేదు, అద్దెకిస్తారు. అది ఒళ్లోంచి జారుతుంది కాబట్టి వంటింటి అలమరాలో పరుచుకునే రబ్బరు గుడ్డ ముక్క ఒకటి పట్టుకెళ్లండి. నా దగ్గర లేక మొదటి రోజంతా మోకాళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను.

అమ్మ వంగి చూసి, "సగం మెట్లు ఊడిపోయాయేంటే?" అంది.

నిజమే, తీగల కింద ఉండే మెట్లు కొన్నిచోట్ల దగ్గరగా, కొన్నిచోట్ల దూరంగా ఉన్నాయి. అది అంతేనట. పాటకి అక్కర్లేని స్వరాల మెట్లు అసలు పెట్టరట. ఎడమ చేత్తో చిన్న కర్రముక్కని తీగ మీద నొక్కి జరుపుతూ, కుడిచేత్తో మీటడమే. సరళీ స్వరాలు లేవు, నెల రోజుల సాధన లేదు. కూర్చున్న పావుగంటకి క్లాసంతా ఒక పాట వాయిస్తోంది, అందులో నేనూ ఉన్నాను. దిమ్మతిరిగిపోయింది. సగం తప్పులు వాయించాను. ఎవరూ తలెత్తి చూడలేదు.

"తప్పు వాయిస్తే చెప్పరేంటే వీళ్లు?" అమ్మ నా చెవిలో అడిగింది. "ఇలాగైతే ఎప్పటికి వస్తుంది?"

షెల్బీని అడిగితే నవ్వింది. ఇక్కడ ఒకరినొకరు సరిదిద్దుకోవడం మర్యాద కాదట. వింటూ ఉంటే అదే సర్దుకుంటుందట. ఈ మాట తెలుగులో చెప్పగానే అమ్మ మొహం చూడాలి. ముప్ఫై ఏళ్ల సర్వీసు మీద ఎవరో నీళ్లు పోసినట్టయింది.

ఐదింటికి గంట కొట్టారు. దేనికో అనుకున్నాం. రాత్రి భోజనానికట! బయట ఎండ మండిపోతోంది. ఉడికించిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, తియ్యటి టీ. అమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసింది. మా బల్ల దగ్గర కూర్చున్న లొరెయిన్ అనే పెద్దావిడ గింజల్లో అది కొంచెం కలుపుకుని తిని, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ కొంచెం అడిగింది. ఎనభై దాటి ఉంటాయి. అక్కడి కొండల్లోనే పుట్టి పెరిగింది. ఆవిడ డల్సిమర్ వాళ్ల నాన్న చేసిందట, దాని మీద హృదయం ఆకారంలో చిల్లులు.

"నేను ఇంగ్లీషు టీచర్నే. ఈవిడ మాట్లాడేది ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు," అంది అమ్మ. అయినా ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు.

భోజనాలయ్యాక పెద్ద హాల్లో కుర్చీలు గుండ్రంగా వేసి అందరూ కూర్చున్నారు. దాదాపు నలభై మంది ఉంటారు. అక్కడి పద్ధతి ఇది. వరుసగా ఒక్కొక్కరి వంతు వస్తుంది. వంతు వచ్చినవాళ్లు తమకి ఇష్టమైన పాట మొదలుపెడతారు. తెలిసినవాళ్లు అందుకుంటారు, తెలియనివాళ్లు శ్రుతి తీగలు మాత్రం మీటుతూ ఉంటారు. ఒకే పాట ఒక్కో కొండ దగ్గర ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మొదలుపెట్టినవాళ్లు ఎలా వాయిస్తే అదే ఒప్పు, మిగతావాళ్లు వాళ్ల వెనకే రావాలి. ఆ రాత్రి నా వంతు వచ్చినప్పుడు "పాస్" అన్నాను. అమ్మ మోచేత్తో పొడిచింది.

శనివారం పొద్దున్న నుంచి షెల్బీని పక్కన కూర్చోబెట్టుకుని తాత పాట స్వరాలు వెతుక్కున్నాను. నాలుగు లైన్లే. నేను ఒక్కో స్వరం పాడితే తను మెట్టు చూపించేది. షెల్బీది ఫ్లోరిడా, ఈ కొండల పాటలన్నీ తనకీ రావు. మూడో లైను చివర పైకెళ్లే చోట కర్ర జారిపోయేది. మధ్యాహ్నం అమ్మ నిద్ర మానేసి పక్కన కూర్చుని, "మళ్లీ, మళ్లీ" అంటూ నా ప్రాణం తీసింది. సాయంత్రానికి పాట చేతికి వచ్చింది. చెప్పొద్దూ, గర్వంగానే ఉంది.

రాత్రి సర్కిల్లో నా వంతు రాగానే చెప్పాను. ఇది మా అమ్మ వాళ్ల తాత ఇండియాలో, గోదావరి దగ్గర కట్టిన పాట, మీకెవరికీ తెలియదు, కాబట్టి శ్రుతి మాత్రం ఇవ్వండి. అందరూ తలలూపారు. అమ్మ పమిట సర్దుకుని నిటారుగా కూర్చుంది.

మొదటి లైను ఒక్కదాన్నే వాయించాను. రెండో లైను మొదలుపెట్టానో లేదో, హాలు హాలంతా నాతో కలిసింది.

శ్రుతి కాదు. పాట. స్వరం తప్పకుండా, నాకంటే బాగా. తల తిప్పి అమ్మ వైపు చూశాను. నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. మూడో లైను చివర నేను పైకి వెళ్లాను, వాళ్లంతా కిందికి దిగారు. చెవులకి కటువుగా తగిలి, అందరం ఆగిపోయాం.

"హనీ, ఈ పాట నీకెక్కడిది?" లొరెయిన్ అడిగింది. "ఇది మా తాతయ్య కట్టింది. మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు."

ఆ ఇంగ్లీషు మాత్రం అమ్మకి బాగా అర్థమైంది. "నో, నో. మై గ్రాండ్‌ఫాదర్," అంది గుండెల మీద చెయ్యి పెట్టుకుని.

ఇద్దరు ముసలమ్మలు ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎదురుగా కూర్చున్న డేల్ అనే గడ్డం ఆయన ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. పాత పాటల పుస్తకాలు పోగుచేయడం ఆయన సరదా.

"ఇద్దరూ ఏమీ అనుకోకండి. ఇది మీ ఇద్దరి తాతలకంటే పాతది. పాత కీర్తనల పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం మా ఇంట్లో ఉంది. ఇప్పుడు మేం వాయించామే, అచ్చం అలాగే."

అయితే ఏ మిషనరీ దొరగారో ఓడెక్కి వస్తూ ఈ రాగాన్ని గోదావరికి తెచ్చి ఉంటాడు. తాత దాన్ని విని ఉంటాడు. ఈ లెక్క నా బుర్రలో తేలడానికి రెండు క్షణాలు పట్టలేదు, అమ్మ బుర్రలోనూ తేలిందని ఆవిడ చేతులు చూస్తే తెలిసింది. హ్యాండ్‌బ్యాగు గట్టిగా పట్టుకుంది. ఫోటో లేని మనిషి, సమాధి లేని మనిషి. ఉన్న ఒక్క పాట కూడా నలభై మంది మధ్యలో పోయింది. దీనికోసమా ఎనిమిది గంటలు తీసుకొచ్చాను అనిపించి ఏడుపొచ్చింది. లొరెయిన్ తీగల మీద అరచెయ్యి ఆనించి, ఇంకా మోగుతున్న తన డల్సిమర్‌ని ఆపింది.

షెల్బీ మాత్రం మామూలుగా అంది. "పాట మొదలుపెట్టింది ప్రశాంతి. కాబట్టి తను వాయించినట్టే వాయిద్దాం. మళ్లీ మొదటినుంచి."

మళ్లీ వాయించాను. ఈసారి మొదటి లైను నుంచే అందరూ కలిశారు. మూడో లైను దగ్గరికొచ్చేసరికి నేను కాస్త నెమ్మదించాను. పక్కనుంచి అమ్మ గొంతు లేచింది. తెలుగులో, ఆ బీటలు వారిన గొంతుతోనే, మూడో లైను చివర ఎక్కడికి వెళ్లాలో అక్కడికి వెళ్లింది. నలభై మందీ ఆ వెనకే పైకి వెళ్లారు. కొందరికి దొరికింది, కొందరికి దొరకలేదు.

సర్కిల్ అయిపోయాక లొరెయిన్ తన కుర్చీ లాక్కుని అమ్మ ముందుకి వచ్చి కూర్చుంది. ఆ మూడో లైను తనకి నేర్పమంది. అమ్మ పాడింది. లొరెయిన్ వాయించింది. "నో. అగైన్," అంది అమ్మ. మళ్లీ వాయించింది. "నో. అగైన్." చుట్టూ కుర్చీలు మడతపెడుతున్నవాళ్లందరూ కొయ్యబారిపోయారు. మర్యాద తప్పిందని నేను అమ్మ చెయ్యి పట్టుకుని ఆపబోయాను. లొరెయిన్ నా చెయ్యి తీసి పక్కన పెట్టింది. వచ్చేదాకా వాయించింది. అమ్మ క్లాసులో అన్నట్టే "గుడ్" అంది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింటికి తిరుగు ప్రయాణం. అన్నీ లెక్కేసి చెప్పాలంటే, గది శుభ్రంగా ఉంది, భోజనం చప్పగా ఉంది, నేర్పేవాళ్లు దేవతలు. స్వరజ్ఞానం లేనివాళ్లు కూడా నిర్భయంగా వెళ్లొచ్చు. గర్వం మాత్రం ఇంటి దగ్గర పెట్టి వెళ్లండి.

లూయీవిల్‌లో ఆగి, లాడ్జి ఫ్రిజ్‌లో దాచిన పెరుగన్నం తింటూ అమ్మ నరసాపురంలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. దాచి పెడుతుందనుకున్నాను.

"రత్నం, పాట తాతది కాదంట. పుస్తకంలో ఉందంట. మూడో లైను ఒక్కటే మనది," అంది. రత్నం పిన్ని అటునుంచి గోలపెడుతుంటే, "ఊరుకోవే. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. ఆ ఒక్క లైనూ తాతదే. అందరూ వాయించారు, నేను చెవులారా విన్నాను," అంది.

అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. నాకు మనసు కుదుటపడింది. పోయింది పోగా మిగిలిందే చాలనుకున్నాను. ఇండియానా దాటి ఇల్లినాయిలోకి వచ్చేసరికి పోయిన గంట తిరిగొచ్చింది. నేను మార్చడం మర్చిపోయిన కారు గడియారం దానంతటదే ఒప్పయింది. అమ్మ సన్నగా ఆ పాటే పాడుకుంటోంది. మూడో లైను దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"ప్రశాంతీ, ఆ లొరెయిన్ వాళ్లది అచ్చం పుస్తకంలోలాగే ఉంది కదా?"

"అవునమ్మా. డేల్ అదే కదా చెప్పాడు."

"మనకి మూడో లైనన్నా ఉంది. ఆవిడ తాతకి ఏం మిగిలిందే?"

ఆ రాత్రంతా నేను మా అమ్మ మొహమే చూశాను. తీగల మీద అరచెయ్యి ఆనించిన ఆ ముసలావిడ మొహం వైపు ఒక్కసారీ చూడలేదు. హాల్లో ఎవరూ చూడలేదు.

"ఇంటికెళ్లగానే ఆవిడకి ఫోన్ కలుపు," అంది అమ్మ. "వాళ్ల తాత ఎలా పాడేవాడో గుర్తు తెచ్చుకుని పాడమందాం. ఎక్కడో ఒకచోట తేడా ఉండే ఉంటుంది. నేను వింటాను."