ఓడెక్కే బెల్లం పొగ

1996 జనవరిలో నన్ను చోడవరం పరిధికి పొగ తనిఖీ పని మీద వేశారు. హోదా సహాయ ఇన్‌స్పెక్టరు. మొదటి ఫిర్యాదు బుచ్చయ్యపేట దగ్గర ఒక ఊరి బడి నుంచి వచ్చింది. ఎదురుగా ఉన్న బెల్లం పొయ్యి పొగకు కిటికీలు మూసుకుని పాఠాలు చెప్పాల్సి వస్తోందని హెడ్మాస్టరు రాశారు.

మా పనిముట్టు ఒక అట్ట. తెలుపు నుంచి నలుపు దాకా, సున్నా నుంచి అయిదు వరకు ఛాయలుంటాయి. ఎండను వీపు మీదికి తీసుకుని నిలబడి, చెయ్యి చాచి పట్టుకుని, పొయ్యి గొట్టం మీది పొగ ఏ ఛాయకు సరిపోతుందో పావు నిమిషానికోసారి రాసుకోవాలి. మూడు దాటితే నోటీసు. పదిహేను రోజుల్లో సరిచేసుకోకపోతే పొయ్యికి సీలు. గానుగ సీజనులో సీలు పడితే చెరకు పొలంలోనే ఎండుతుంది.

ఆ రోజు నాలుగు వచ్చింది. పొయ్యి యజమాని అప్పలనాయుడు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

“బాబూ, ఇందాకట్నుంచి ఆకాశం కేసే సూస్తన్నారు. ఓపాలి పొయ్యి కేసి కూడా సూడండి.”

చూశాను. పచ్చి కట్టెలు మండుతున్నాయి. చెరకు పిప్పి ఉండగా కట్టెలెందుకని అడిగాను.

“మామూలు బెల్లం దిమ్మకి పిప్పే సాల్తాది. ఇది ఓడెక్కే సరుకు, దొరల దేశానికి. నెల్లాళ్ళు సముద్రం మీద సెమర్చకూడదంట. గట్టిగా కాసి పొడి సెయ్యమన్నారు. పిప్పి అయిపోనాక కట్టెలు కొంటన్నాం. దళారీ ఇచ్చిన ఎక్కువ డబ్బు కట్టెలకే సరిపోతంది.”

అతని భార్య సన్యాసమ్మ పెనం దగ్గర నుంచే అందుకుంది: “తినీవోడు దొరగారు, దగ్గీవోళ్ళం మేమూ!”

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఊరి సంతకు మామూలు దిమ్మలు వండుతున్నారు. అదే పొయ్యి, అదే గొట్టం. అట్ట మీద ఒకటి.

నివేదికలో రెండు రీడింగులూ రాసి, కారణం గడిలో ‘విదేశీ కొనుగోలుదారు షరతు’ అని పెట్టాను. మా ఇన్‌స్పెక్టరు గారు దాన్ని కొట్టేశారు. కొనుగోలుదారు మన పరిధిలో లేడని, గొట్టం ఎవరిదైతే నోటీసు వాళ్ళకేనని అన్నారు. నిబంధన ప్రకారం ఆయన మాట సరైనదే. ‘యజమాని అజాగ్రత్త’ అని మార్చి సంతకం చేశాను.

నోటీసు అందుకుని అప్పలనాయుడు అడిగింది ఒక్కటే: “ఆ దొరకి కూడా ఓటి అంపుతారా, బాబూ?”

లేదన్నాను. పొయ్యి దక్కించుకోవడానికి అతను ఆ సరుకు వదులుకున్నాడు. బడి కిటికీలు తెరుచుకున్నాయి.

నెల తర్వాత వేరే పని మీద రోలుగుంట వైపు వెళ్తుంటే దూరాన నల్లటి పొగ కనిపించింది. ఆగి అడిగాను. అదే దళారీ, అదే సరుకు. ఆ పొయ్యి ఎదుట బడి లేదు కనుక ఫిర్యాదూ లేదు. బుచ్చయ్యపేటలో పొగ తగ్గిందని నేను పంపిన నివేదిక మాత్రం అబద్ధం కాదు.

కర్బన ఉద్గారాలన్న మాట అప్పటికి మా ఫారాల్లో లేదు. పొగ ఎక్కడ లేచిందో రాస్తే సగమే రాసినట్టని మాత్రం నాకు తెలిసింది. ఆ రోజు నుంచి డైరీలో ప్రతి రీడింగు పక్కనా ఇంకో గడి గీసుకున్నాను: ‘సరుకు ఎవరికి’. రిటైరయ్యేదాకా దాన్ని నింపుతూనే ఉన్నాను. ఆఫీసు ఎప్పుడూ అడగలేదు.