దవాఖానకెల్లి

మొన్న ఇంటర్నెట్ ఆగిపోయి కంపెనీకి ఫోన్ చేస్తే చెవిలో వేణుగానం మొదలైంది. నెల డబ్బు ముందే కట్టించుకుని, లైను మాత్రం తోచినప్పుడల్లా కట్ చేసేవాళ్లకు సంగీతం మీద ఇంత ప్రేమ ఎందుకో! ఆ పాట మధ్యలో చిన్న గరగర వినిపించింది. అంతే, జనగామ టెలిఫోన్ ఎక్స్ఛేంజితో పాటు అక్కడి మా సూపర్‌వైజరు రహీమక్క గుర్తొచ్చేసింది.

డెబ్బైల్లో తెనాలి నుంచి ఆపరేటరుగా అక్కడికి వెళ్లాను. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం జరిగి ఎన్నో ఏళ్లు కాలేదు. నా 'అండీ' వినగానే అవతలి గొంతులు బిగుసుకునేవి. రహీమక్క మాత్రం కుర్చీ నా పక్కకు లాక్కుని, "నీ తెలుగు మంచిగనే ఉంది తమ్మీ, ఇస్త్రీ చేసినట్టుంది. జర నలగాలె" అని నవ్వింది. లైను దొరకనప్పుడు నేను జనాన్ని "రేపు రండి" అనబోతే ఊరుకునేది కాదు. "కట్టినోన్ని కట్ చేస్తమా? పైసలు తీసుకున్నమంటే మాట ఇచ్చినట్టే. ఇగ మాట ఇయ్యాలె గద!"

ఒక మధ్యాహ్నం పత్తి మార్కెట్టు నుంచి యాకయ్య అనే రైతు ఆదరాబాదరాగా వచ్చాడు. తండ్రి డోర్నకల్‌లో ఆసుపత్రిలో ఉన్నాడట. మామూలు కాల్ అయితే సాయంత్రం దాకా కూర్చోవాలి. అందుకని రెట్టింపు కట్టి అర్జెంటు కాల్ పెట్టాడు. ధర రెట్టింపైనా గరగర మాత్రం తగ్గలేదు. ఆసుపత్రిలో విచారించిన డోర్నకల్ ఆపరేటరు అరిచిన ఒక్క ముక్క నా చెవిన పడి, లైను తెగిపోయింది: "ముసలాయన దవాఖానకెల్లి పోయిండు!"

ఆసుపత్రికి వెళ్లి, పోయాడు. నాకు అర్థమైంది అదే.

"ఏమన్నరు సారూ? మా బాపు ఎట్లున్నడు?"

"ధైర్యం తెచ్చుకోవాలండీ..." అన్నాను. యాకయ్య బెంచీ మీద కూలబడ్డాడు.

రహీమక్క లేచి వచ్చింది. "ఆగు తమ్మీ. నీ మాట కాదు, వాళ్ల మాట చెప్పు. ఎట్లన్నరో అట్లనే." చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. "అరే బేటా! 'కెల్లి' అంటే మాకు 'నుంచి' అని. దవాఖాన నుంచి ఎల్లిపోయిండట, మంచిగైండు! బతికున్నోన్ని సంపుతివి గద!"

"నిజమేనా అక్కా?" అన్నాడు యాకయ్య. ఒకసారి దెబ్బతిన్నవాడు, అంత తేలిగ్గా ఎలా నమ్ముతాడు? రహీమక్క హెడ్‌ఫోను తానే తగిలించుకుంది. కాజీపేట మీదుగా లైను పట్టి, అందరినీ బతిమాలి, బెదిరించి, ఆసుపత్రి గేటు దగ్గర బండి కోసం నిలబడ్డ ముసలాయన్ను ఫోను దగ్గరికి రప్పించింది. మొదటిసారి మాటే అందలేదు కాబట్టి దీనికి వేరే పైసలు లేవంది.

అవతలి కేక గదంతా వినిపించింది. "అర్జెంటు ఫోనెందుకురా? పైసలు ఎక్కువైనయా? కార్డు రాస్తే సచ్చిపోతవా?"

యాకయ్య ఆ తిట్లు వింటూ ఏడ్చాడు, నవ్వాడు, ఇంకా తిట్టించుకున్నాడు.

ఇప్పటికీ ఎవరైనా "ఫలానావాడు నిన్ను ఇట్లా అన్నాడు" అని మోసుకొస్తే, కోపం తెచ్చుకునే ముందు అడుగుతాను: "నీ మాట కాదు, వాళ్ల మాట చెప్పు." సగం తగవులు అక్కడే తెగిపోతాయి. రహీమక్క యాస కూడా నాకు కొంత అంటుకుంది. తెనాలి వెళ్లి "జనగామకెల్లి వచ్చిన" అంటే, మా చుట్టాలు "వెళ్లొచ్చావు సరే, ఉంటున్నదెక్కడ?" అంటారు.

"అక్కడే" అంటాను.