చలిజ్వరం కారు

ఆ రోజుల్లో నాకు రెండు గట్టి నమ్మకాలుండేవి. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసినదానికి తేలని చిక్కు లోకంలో లేదని ఒకటి, మా నాయన నా మాట కాదనడని ఇంకొకటి (కారు తాళం అడగనంతవరకు ఈ రెండోది నిజమే). పులివెందులలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చింది. ప్రొద్దుటూరు నుంచి బస్సులు మారి వెళ్తే మొదటి క్లాసు అందదు. అక్కడే గది తీసుకుంటానంటే అమ్మ ఒప్పుకోదు. ఇక మిగిలింది ఇంటి ముందు పట్ట కప్పుకుని పడున్న మా పాత కారు. తాళం తిప్పితే చాలు, నిలుచున్న చోటే గజగజ వణికేది. వీధిలో అందరూ దాన్ని చలిజ్వరం అనేవాళ్లు.

నాయన గ్లాసు నిండా నీళ్లు తెచ్చి స్టీరింగు పక్కన పెట్టాడు. "ఈ నీళ్లు తొణకకుండా ఇంజను ఆడిందనుకో, సోమవారం బండెత్తుకోని పో. లేదంటే ఉద్యోగం మాట మర్చిపో పాపా. నడిదావలో నిలబడిపోతే ఎవురొచ్చి తోస్తారు?" అన్నాడు. తాళం తిప్పాను. నీళ్లు సగం నా ఒళ్లో పడ్డాయి.

చదువుకున్నదాన్ని కదా, చక్రాలు సరిగా లేవని తేల్చి, వాటిని సరిచేయించుకొచ్చాను. (నిలబడి ఉన్న బండి వణుకుతుంటే చక్రాలేం చేస్తాయన్న ఆలోచన ఇంటికొచ్చాక కలిగింది.) నాయన మాత్రం పెట్రోలు కల్తీ అన్నాడు. ఇంతలో జమ్మలమడుగు నుంచి మామ దిగాడు. అమ్మకు తమ్ముడు. ఏ బండికి ఏ రోగమొచ్చినా ప్లగ్గులే అంటాడు కనుక మాకు ప్లగ్గుల మామ. "ప్లగ్గులే బావా. ఇంగ మాట్లాడే పనే ల్యా" అని జేబులోంచి కొత్తవి తీసి బిగించాడు. ఇంజను ఎక్కడా తడబడకుండా హాయిగా పాడింది. బండి మాత్రం వణుకుతూనే ఉంది.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. ఇంజను బాగుండి కూడా బండి వణుకుతోందంటే, చిక్కు ఆ రెంటి మధ్యలో ఉండాలి. మామను తాళం తిప్పమని, బానెట్ ఎత్తి చూశాను. ఇంజను ఒక పక్క దాని కింది రబ్బరు దిమ్మ మీద మెత్తగా ఊగుతోంది. రెండో పక్క కదలిక లేదు, వణుకంతా అక్కడినుంచే బండికి పాకుతోంది. మామ ఇంజను ఆపాక టార్చి వేసి కిందికి దూరాను. రబ్బరు ఉండాల్సిన చోట బూడిద రంగులో నున్నగా ఏదో ఉంది. వేలితో కొట్టాను. ఠంగుమంది.

"మామా, ఈడ నాపబండ ముక్కుంది!"

మామ నాయన వైపు చూశాడు. నాయన ఆకాశం వైపు చూశాడు.

"రబ్బరు తెగిపోయింది, దొరకలా. వంటిల్లు పరిచినప్పుడు మిగిల్న ముక్క పెట్టినా. మనింట్లో బండ ఇంతవరకూ అరిగిందా?" అన్నాడు. ఇంటికి నేల, అరుగు, అలమర, చేనికి కంచె, అన్నీ ఆ రాయితోనే చేసుకునే మా జిల్లాలో ఇంజనుకు మాత్రం ఎందుకు పనికిరాదు మరి! అమ్మ నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది. మామ ఊరంతా తిరిగి కొత్త రబ్బరు దిమ్మ వెతికి తెచ్చి బిగించాడు.

సోమవారం పొద్దున నాయన మళ్లీ గ్లాసు నిండా నీళ్లు పెట్టి, నా పక్కన కూర్చున్నాడు. తాళం తిప్పాను. ఒక్క చుక్క తొణకలేదు. నాకు ఎంత సంతోషమంటే, స్టీరింగు మీద చేతులు నిలవడం లేదు. "ఏంది పాపా, చలిజ్వరం నీకొచ్చిందే" అన్నాడు. వీధి చివర ఆపమని, గ్లాసులో నీళ్లు గటగటా తాగేసి దిగాడు. "ఇంగ దీంతో పని ల్యా. పోయిరా" అన్నాడు.

ఇప్పటి నా కారులో ఇంజను ఆడుతోందో లేదో కూడా తెలియదు. ఆ రాతి ముక్క మాత్రం డిక్కీలోనే ఉంది, వాలులో ఆపితే చక్రం కింద పెడతాను. పెట్టినప్పుడల్లా, ఖాళీ గ్లాసుతో ఇంటికి నడిచిపోతున్న నాయనను అద్దంలో చూసుకుంటూ, వణికే చేతులతో పులివెందుల దారి పట్టిన ఆ పిల్ల గుర్తొస్తుంది. దాన్ని ఓసారి ముద్దు చేయాలనిపిస్తుంది.