జర సైసు

మా ఆయన పటాలాన్ని సరిహద్దుకు పంపుతూ కుటుంబాలను క్వార్టర్లు ఖాళీ చేయమన్నారు. చర్చిలో నేను వాయించే హార్మోనియం నా సొంతం. దాన్నీ చంటిదాన్నీ వెంటబెట్టుకుని, కరీంనగర్‌లో నర్సుగా ఉన్న అక్క దగ్గరికి బయలుదేరాను. పెద్దపల్లిలో రైలు దిగి బస్సెక్కబోతే, కండక్టరు హార్మోనియాన్ని బస్సు పైన వేయమన్నాడు. పగిలిపోతుందని అతని మీద అరిచేశాను.

ముందు సీట్లోని ముసలమ్మ, "జర సైసు బిడ్డా" అంది.

మాది గుంటూరు. సైజు అడుగుతోందనుకుని, "రెండడుగులుంటుందండీ" అన్నాను. బస్సంతా నవ్వింది.

"సైసుడంటె ఓపికవట్టుడు బిడ్డా. గా పెట్టె ఇటియ్యి, ఒళ్లె వెట్టుకుంట."

ఆమె నుదుట పెద్ద బొట్టు చూసి, "ఇది చర్చి పాటలకండీ" అని చెప్పాను.

"అయితేంది? మా భజన పెట్టె గూడ గింతే బరువుంటది."

కరీంనగర్ దాకా ఒడిలోంచి దించలేదు. ఆమె పేరైనా అడగలేదు నేను. ఆయన ఉత్తరాలు ఆగిపోయిన నెలలన్నీ ఆమె మాటతోనే గడిపాను.

చివరికి ఆయన వచ్చిన రోజున, పెద్దపల్లి స్టేషన్లో రైలు ఆగకముందే దూకబోతుంటే, "జర సైసండీ!" అని కేకేశాను.

ఆయన కంగారుగా తన బూట్లకేసి చూసుకుని, "దేని సైజే?" అన్నారు.